రంగం (రంగూన్) వెళ్ళొచ్చిన ముత్తాత గురించి ఎక్కడ మొదలెట్టాలి?

ప్రశ్న: నమస్తే అండి. మాది సోంపేట దగ్గర పల్లెటూరు, నేను హైదరాబాద్‌లో జాబ్ చేస్తున్నా. మా ముత్తాత యుద్ధానికి ముందు రంగూన్ వెళ్ళి రైస్ మిల్లులో పనిచేశాడని, బాంబులు పడ్డాక నడిచి ఇంటికొచ్చాడని చిన్నప్పట్నుంచి వింటున్నా. ఆయన పేరు, మా తాత పేరు తప్ప ఇంకేం తెలీదు, ఫోటో కూడా లేదు. ఆయన్ని చూసినవాళ్ళలో ఇప్పుడు మా నానమ్మ ఒక్కరే ఉన్నారు, 88 ఏళ్ళు, ఒకసారి చెప్పింది ఇంకోసారి వేరేలా చెప్తారు. ఆయనకి అక్కడ ఇంకో సంసారం ఉండేదని కూడా ఒక మాట ఉంది. నాన్నేమో "ఇప్పుడవన్నీ తవ్వి ఏం చేస్తావ్" అంటున్నారు. ఆన్‌లైన్‌లో ఫ్యామిలీ ట్రీ సైట్‌కి డబ్బులు కట్టాలా, డీఎన్ఏ టెస్ట్ చేయించుకోవాలా, ఆఫీసుల చుట్టూ తిరగాలా, ఏది ముందు?

జవాబు: అమ్మా, ముందు నానమ్మ. ఆఫీసులు, సైట్లు అన్నీ తర్వాత. రిజిస్టర్ ఆఫీసులో ఉన్న దస్తావేజు ఇంకో ఏడాదికి కూడా అక్కడే ఉంటుంది, 88 ఏళ్ళ మనిషి జ్ఞాపకం గురించి ఆ మాట అనలేం. పైగా మీ ముత్తాత ఆవిడకి మావగారు, అదే ఇంట్లో ఆయన కంచంలో అన్నం వడ్డించిన మనిషి ఆవిడ, ఏ ఆర్కైవ్‌లోనూ అంత దగ్గర సాక్షి దొరకరు. ఒకసారి చెప్పింది ఇంకోసారి వేరేలా చెప్తారన్నారు కదా, దానికి కంగారు పడొద్దు. ఆవిడ రంగూన్ చూడలేదు, ఆ కథ మావగారి నోట కొంత, అత్తగారి నోట కొంత విన్నారు, ఆ ఇద్దరూ ఒకేలా చెప్పి ఉండరు. రెండు రకాలుగా చెప్తే రెండూ రాసుకోండి, పక్కన "ఇది ఎవరు చెప్పగా విన్నారు" అని అడిగి అదీ రాసుకోండి.

అడిగే పద్ధతి గురించి కొంచెం చెప్తాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే చెడగొట్టుకుంటారు. నోట్‌బుక్ తీసుకుని ఎదురుగా కూర్చుని "ముత్తాత వాళ్ళ నాన్న పేరేంటి, ఏ సంవత్సరంలో పుట్టాడు" అని మొదలెడితే పెద్దవాళ్ళు పరీక్షలో కూర్చున్నట్టు బిగుసుకుపోతారు, గుర్తులేదమ్మా అని వదిలేస్తారు. పేర్లు, తేదీలు వదిలేసి ఇంటి గురించి అడగండి. మీరు కాపురానికి వచ్చినప్పుడు ఇల్లు ఎలా ఉండేది, నీళ్ళు ఏ బావి నుంచి తెచ్చేవాళ్ళు, పక్కిల్లు ఎవరిది, మావగారు పొద్దున్నే లేచి ఏం చేసేవారు, ఏం తినేవారు, ఎవరి మీద అరిచేవారు, ఆయనకి బర్మా మాటలు ఏమైనా వచ్చా, అక్కణ్ణుంచి తెచ్చిన పెట్టె గానీ గిన్నె గానీ ఇంట్లో ఉందా, అది ఇప్పుడు ఎవరింట్లో ఉంది. ఇలా అడిగితే పేర్లు వాటంతట అవే వస్తాయి. ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి పక్కన పెట్టండి, చేస్తున్నానని ముందే చెప్పండి. మధ్యలో సరిదిద్దొద్దు, "అలా కాదు నానమ్మా, నాన్న వేరేలా చెప్పారు" అన్నారంటే ఇక ఆ పూటకి అయిపోయినట్టే. మీ నాన్న, బాబాయిలు పక్కన లేనప్పుడు అడగండి, కొడుకుల ముందు చాలా మాటలు మింగేస్తారు. అరగంటకి మించి కూర్చోబెట్టొద్దు, ఇంకో రోజు మళ్ళీ కూర్చోండి. వినికిడి తగ్గి ఉంటే ఎదురుగా కూర్చుని నెమ్మదిగా అడగండి.

సంవత్సరాల సంగతి. ఆ తరం వాళ్ళకి ఇంగ్లీషు సంవత్సరం గుర్తుండదు కానీ తెలుగు సంవత్సరం పేరు గుర్తుండొచ్చు, అది దొరికితే చాలా పెద్ద ఆధారం. 60 ఏళ్ళకోసారి అదే పేరు మళ్ళీ వస్తుంది కాబట్టి పొరపాటు పడటానికి చోటు తక్కువ. ప్రభవ 1927 ఉగాదికి మొదలైంది, అక్కణ్ణుంచి లెక్కేసుకుంటూ రండి, మీ నానమ్మ బహుధాన్యలో పుట్టానంటే 1938 ఉగాది నుంచి 1939 ఉగాది లోపల పుట్టారన్నమాట. చిత్రభాను అంటే 1942. ఇంకా పాత మాటలు కూడా ఇలాగే తేలతాయి, రాయలసీమ కుటుంబాల్లో వినపడే ధాత కరువు 1876 నాటిది, గుంటూరు వైపు వాళ్ళు చెప్పుకున్న నందన కరువు 1832 నాటిది. సంవత్సరం పేరు కూడా గుర్తులేకపోతే పెద్ద సంఘటనలకి ముడిపెట్టి అడగండి. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ వాళ్ళు బాంబులేశారు, ఆ భయం మీ వైపు దాకా పాకి ఉంటుంది, మావగారు దానికి ముందే ఇల్లు చేరారా తర్వాతా అని అడగండి. మీ పక్కనే మందసలో 1940లో రైతుల మీద కాల్పులు జరిగి వీర గున్నమ్మ చనిపోయారు, ఆ మాట మీ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు, అప్పుడు ఈయన ఊళ్ళో ఉన్నారా రంగంలో ఉన్నారా? ఇలాంటి ప్రశ్నకి జవాబు తెలిసి ఉండే అవకాశం ఎక్కువ.

ఇక రంగం విషయం. మీరు అడగబోయే ముందు ఆ కాలం గురించి కొంత తెలిసుంటే నానమ్మ నోట్లోంచి వచ్చే చిన్న మాట కూడా మీకు అందుతుంది, లేకపోతే చెవి పక్కనుంచి పోతుంది. బారువ, కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల నుంచి స్టీమర్లలో వేలమంది తెలుగువాళ్ళు పనికి వెళ్ళేవాళ్ళు, ఎక్కువమంది మేస్త్రీ (కూలీలని కూడగట్టి తీసుకెళ్ళేవాడు) దగ్గర అడ్వాన్స్ తీసుకుని అతని వెనక వెళ్ళినవాళ్ళే. రేవులో బస్తాలు మోయడం, రైస్ మిల్లులు, రిక్షాలు, ఇలాంటి కష్టమైన పనులు మనవాళ్ళవి. అక్కడ మనవాళ్ళని కోరంగీలనేవాళ్ళు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ సిటీలో సగానికి పైగా భారతీయులే. 1930 మే నెలలో రేవులో తెలుగు కూలీల సమ్మె తర్వాత బర్మా వాళ్ళకీ మనవాళ్ళకీ పెద్ద గొడవలు జరిగి చాలామంది ప్రాణాలు పోయాయి, అప్పుడు కొంతమంది తిరిగొచ్చేశారు, మళ్ళీ వెళ్ళారు. కాబట్టి "ఎన్నిసార్లు వెళ్ళొచ్చారు" అని తప్పకుండా అడగండి, ఒకే ప్రయాణం అనుకోవద్దు. మేస్త్రీ ఏ ఊరివాడో అడగండి, అదే మేస్త్రీతో వెళ్ళిన మిగతా కుటుంబాలు చుట్టుపక్కల ఊళ్ళలోనే ఉంటాయి, మీ ఇంట్లో లేని కథ వాళ్ళింట్లో ఉండొచ్చు.

తిరుగు ప్రయాణం గురించి. 1941 డిసెంబర్ 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి, 1942 మార్చిలో ఊరు జపాన్ చేతికి పోయింది. సుమారు 5 లక్షల మంది భారతీయులు బయల్దేరారంటారు, దారిలో కలరా, మలేరియా, ఆకలితో వేలకి వేలమంది పోయారు. మొదట్లో కొంతమందికి ఓడలు దొరికాయి, మిగతావాళ్ళకి ముఖ్యంగా రెండు దారులు. ఒకటి టాంగుప్ కొండలు దాటి అక్యాబ్, అక్కణ్ణుంచి చిట్టగాంగ్, ఇంకోటి మాండలే వైపు పైకి వెళ్ళి తము అనే ఊరి దగ్గర సరిహద్దు దాటి ఇంఫాల్, దీమాపూర్. మీ నానమ్మని "చిట్టగాంగ్ అనే పేరు ఎప్పుడైనా విన్నారా, మణిపూర్ అనే మాట విన్నారా" అని అడిగి చూడండి. అందులో ఏ ఒక్కటి చెప్పినా ఆయన ఏ దారిన వచ్చాడో మీకు తెలిసిపోతుంది. ఆయనతో పాటు బయల్దేరి రాలేకపోయినవాళ్ళ పేర్లు కూడా అడగండి, తమ్ముడో బావమరిదో ఉండి ఉండొచ్చు, ఆ పేర్లు ఇంకెవరూ గుర్తుపెట్టుకోరు.

రికార్డుల విషయంలో ఒక మాట కుండబద్దలు కొట్టినట్టు చెప్తాను, ఆశ పెట్టుకుని తర్వాత బాధపడకుండా. దక్షిణాఫ్రికాలోని నాటల్‌కో మారిషస్‌కో ఫిజీకో వెళ్ళిన గిర్మిట్ (అగ్రిమెంట్) కూలీలకి మనిషికో నంబరు ఇచ్చి, తండ్రి పేరు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద మచ్చలతో సహా రాశారు. 1860 నవంబర్ 16న మద్రాస్ నుంచి డర్బన్ చేరిన ట్రూరో ఓడ మొదలు 1911 దాకా లక్షన్నర మంది లిస్టులు అలా ఉన్నాయి, మారిషస్ లిస్టులు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి, కొన్నిటికి ఫోటోలు కూడా ఉన్నాయి. అందుకే డర్బన్‌లో ఉన్న తెలుగు కుటుంబం వాళ్ళు మన జిల్లాలో వాళ్ళ ఊరు వెతుక్కుంటూ రాగలుగుతున్నారు. బర్మాకి అలాంటిది లేదు. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే, వెళ్ళడానికి పాస్‌పోర్ట్ అక్కర్లేదు, మేస్త్రీ పుస్తకంలో రాసుకున్న బాకీ లెక్కే రికార్డు, అదీ మేస్త్రీతోనే పోయింది. నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళ అభిలేఖ్ పటల్ అనే సైట్‌లో బర్మా నుంచి వచ్చిన శరణార్థుల గురించి ప్రభుత్వ ఫైళ్ళు ఫ్రీగా చదవొచ్చు, చదవండి, ఆ దారి ఎలా ఉండేదో అర్థమవుతుంది. కానీ అందులో మీ ముత్తాత పేరు ఉంటుందని వెళ్ళొద్దు.

మరి ఆయన పేరు కాగితం మీద ఎక్కడ దొరుకుతుంది అంటే, భూమి దగ్గర. రంగంలో సంపాదించినవాళ్ళు తిరిగొచ్చాక ఎకరమో అరెకరమో కొన్నారు చాలామంది, లేదా వెళ్ళేటప్పుడు తాకట్టు పెట్టారు. ముందు మీ ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున ఉన్న పాత దస్తావేజులు తీయండి, చెదలు పట్టినవైనా సరే, ప్రతి పేజీ ఫోటో తీయండి. పాత దస్తావేజు చదవడం వస్తే అది ఒక ఊరి కథ. అమ్మినవాడు, కొన్నవాడు, ఇద్దరి తండ్రుల పేర్లు, కులం, వృత్తి, కాపురం ఉండే ఊరు అన్నీ ఉంటాయి. డబ్బు ఎందుకు అవసరమైందో కూడా రాసేవాళ్ళు, కూతురి పెళ్ళికనో, ఫలానావారి బాకీ తీర్చడానికనో. నాలుగు హద్దులు చూడండి, తూర్పు ఫలానావారి పల్లం, దక్షిణం ఫలానావారి మెట్ట అని ఉంటుంది, మామూలుగా అన్నదమ్ములు పంచుకున్న భూములు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి హద్దుల్లో మీ ఇంటిపేరు కనపడితే అక్కడో పెదతాత దొరికినట్టే. కింద సాక్షులెవరో, రాసిందెవరో చూడండి. సాక్షి సంతకం పెట్టేది ఎక్కువగా బావమరుదులు, వియ్యంకులు, నమ్మకమైనవాళ్ళే.

ఇంట్లో కాగితాలు లేకపోతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు. 1983 తర్వాతి ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల లిస్టు) ఆన్‌లైన్‌లోనే వస్తుంది, దానికి ముందువి ఆఫీసులో పాత పుస్తకాల్లో మాన్యువల్‌గా వెతకాలి, ఊరు, సర్వే నంబరు, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా అని రాసి అప్లికేషన్ పెట్టాలి. స్థిరాస్తి దస్తావేజులుండే ఒకటో నంబర్ పుస్తకాన్ని ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు, 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్‌లో ఉంది, "మీకెందుకు" అంటే ఈ మాట మర్యాదగా చెప్పండి. దస్తావేజు నంబరు దొరికాక నకలు తీసుకోండి. ఒక జాగ్రత్త, ఆంధ్రాలో ఈమధ్య రీసర్వే అయిన ఊళ్ళలో పాత సర్వే నంబర్లు పోయి ఎల్పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి, పాత నంబరు ఏంటో ముందు మీ ఊరి సర్వేయర్ని అడిగి రాసుకోండి. ఇంకోటి, మీ వైపు చాలా ఊళ్ళు జమీందారీ ఊళ్ళు. డెల్టాలో రైత్వారీ ఊళ్ళకి, అంటే రైతు నేరుగా ప్రభుత్వానికే శిస్తు కట్టిన ఊళ్ళకి, ఉన్న పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టర్ మీకు ఉండకపోవచ్చు, 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సర్వే చేసి రాసిన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ అడగండి, రెవెన్యూ వాళ్ళు ఎస్ఎఫ్ఏ అంటారు. మీ ముత్తాత పేరో తాత పేరో పట్టాదారు కాలమ్‌లో మొదటిసారి కనపడేది బహుశా అందులోనే. తెలంగాణ నుంచి ఇది చదువుతున్నవాళ్ళకైతే 1954-55 ఖాస్రా పహాణీ అలాంటిది, దానికంటే వెనక్కి వెళ్ళాలంటే సేత్వార్ అనే పాత సర్వే రికార్డు.

జిల్లా పేరు చూసి కూడా తికమకపడొద్దు. సోంపేట ఒకప్పుడు గంజాం జిల్లా, 1936లో ఒరిస్సా ఏర్పడ్డప్పుడు విశాఖపట్నం జిల్లాలోకి వచ్చింది, 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది. ఊరు కదలలేదు, పైన జిల్లా పేరు రెండుసార్లు మారింది. పాత మద్రాస్ ప్రభుత్వ రికార్డులుండే చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఎప్పుడైనా వెతకాల్సి వస్తే 1936కి ముందువి గంజాం కింద, ఆ తర్వాతివి విశాఖపట్నం కింద వెతకాలి, శ్రీకాకుళం అని అడిగితే 1950కి ముందువి దొరకవు.

ఇక్కడ నాకు బాగా ముఖ్యమనిపించే విషయం. ఈ కాగితాలన్నీ శిస్తు వసూలు కోసం రాసుకున్నవి, మన కోసం కాదు. భూమి ఉన్న మగవాడు ఉంటాడు, మిగతావాళ్ళు ఉండరు. మీ ముత్తాత రంగంలో ఉన్న అన్నేళ్ళూ ఇక్కడ పిల్లల్ని సాకి, ఆయన పంపే డబ్బు అందితే అందినట్టు లేకపోతే కూలికి వెళ్ళి ఇల్లు నిలబెట్టిన మీ ముత్తవ్వ పేరు మీ ఉత్తరంలో కూడా లేదు చూడండి. మిమ్మల్ని తప్పు పట్టడం లేదు, మన ఇళ్ళన్నిట్లో అంతే. ఆవిడ పుట్టింటి ఊరు, పుట్టింటి పేరు, అక్కచెల్లెళ్ళు, పోయిన పిల్లలు, ఇవన్నీ నానమ్మని అడగండి, అత్తగారి గురించి కోడలికి తెలిసినంత కొడుక్కి తెలీదు. ఆడవాళ్ళు కాగితంలో కనపడే చోట్లు తక్కువే అయినా ఉన్నాయి, పసుపు కుంకుమ కింద కూతురికి రాసిన భూమి, విధవరాలికి మనోవర్తి (భరణం) రాసిన పంపకాల దస్తావేజు, మైనరు కొడుకు తరఫున తల్లి అమ్మిన పొలం. పాత పెళ్ళిళ్ళ చదివింపుల పుస్తకం ఎవరైనా దాచి ఉంటే అది బంగారం, ఏ ఊరి నుంచి ఎవరు ఎంత చదివించారో వరసగా ఉంటుంది, ఆడపిల్లలు ఏయే ఊళ్ళకి వెళ్ళారో అందులో తెలుస్తుంది. నానమ్మ చేతి మీద పచ్చబొట్టు ఉంటే అది ఎవరు పొడిచారు, ఎవరి పేరు అని అడగండి.

మీకు అసలు భూమే లేకపోతే? ఉండకపోవచ్చు, రంగం వెళ్ళినవాళ్ళలో చాలామంది భూమి లేకే వెళ్ళారు. అప్పుడు స్కూల్ అడ్మిషన్ రిజిస్టర్ చూడండి, మీ తాత ఒక్క ఏడాది బడికి వెళ్ళినా తండ్రి పేరు, వృత్తి ఉంటాయి, పుట్టిన తేదీ మాత్రం నమ్మొద్దు, జూలై 1 అని ఉంటే అది మాస్టారు వేసిన తేదీ. పాత ఓటర్ల లిస్టులు ఇంటి నంబర్ల వరసలో ఉంటాయి, ఒకే ఇంట్లో ఎవరెవరున్నారో, భర్త ఎవరో తండ్రి ఎవరో తెలుస్తుంది. క్రైస్తవ కుటుంబాలకి చర్చి బాప్తిస్మాల రిజిస్టర్లు, ముస్లింలకి కాజీ దగ్గర నిఖా రిజిస్టర్లు ఉంటాయి. పూరీ, కాశీ, గయ వెళ్ళిన పెద్దలుంటే అక్కడి పండాల దగ్గర ఊరి పేరు చెప్పి అడిగి చూడొచ్చు. కొన్ని కులాలకి గోత్రాలు, వంశాలు నోటితో చెప్పేవాళ్ళు వేరే ఉన్నారు, పిచ్చుకుంట్లవాళ్ళు అనేవాళ్ళం, ఇప్పుడు గౌరవంగా వంశరాజ్ అంటున్నారు. జనాభా లెక్కల్లో ఇంటింటి కాగితాలు మాత్రం మనకి చూపించరు, చట్టం ప్రకారమే అవి రహస్యం, అమెరికా వాళ్ళు వాళ్ళ సెన్సస్‌లో తాతల పేర్లు వెతుక్కున్నట్టు ఇక్కడ కుదరదు. ఇంకో చిక్కు, మన దగ్గర తాత పేరు మనవడికి పెడతారు, ఊళ్ళో అప్పలస్వాములు ఒక పదిమంది ఉంటారు, తండ్రి పేరు కూడా కలిస్తేనే మనవాడు అనుకోండి.

నాన్న మాట కొట్టిపారేయకండి. ఆయన భయం పాత కథల గురించి కాకపోవచ్చు, మీరు రిజిస్ట్రార్ ఆఫీసులో పాత దస్తావేజులు తీయిస్తున్నారని తెలిస్తే దాయాదులు ఏమనుకుంటారో అని కావచ్చు. నాకు తెలిసిన ఒక కుటుంబంలో మనవరాలు ఉత్త కుతూహలంతో ఈసీ తీయిస్తే, వాటా అడగడానికి వస్తోందని పెదనాన్నగారి పిల్లలు ఏడాది పాటు మాట్లాడటం మానేశారు. అందుకని ముందే మీరే ఫోన్ చేసి చెప్పండి, ఇలా ముత్తాత గురించి రాసుకుంటున్నాను, దొరికిన ప్రతి కాగితం మీకూ పంపిస్తా, మీ దగ్గర ఏమైనా ఉంటే ఇవ్వండి అని. నాన్నని కూడా ఒక పని అడగండి, పాత తెలుగు చేతిరాత చదివిపెట్టమనండి. చదవడం మొదలెడితే ఆయనే ఆగరు.

రంగంలో ఇంకో సంసారం మాట. అది నిజమై ఉండొచ్చు. ఎక్కువగా మగవాళ్ళే ఒంటరిగా వెళ్ళి ఏళ్ళ తరబడి ఉన్న చోటు అది, చాలా ఇళ్ళలో ఈ మాట ఉంది. మీరుగా లేవనెత్తొద్దు. నానమ్మ తనంతట తను చెప్తే వినండి, చెప్పి "ఇది రాయకు" అంటే రాయొద్దు, రికార్డింగ్‌లో ఆ ముక్క ఉంటే ఎవరికీ పంపొద్దు. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టే విషయం అసలు కాదు. అదే సమయంలో, అక్కడ ఒక ఆడమనిషి, పిల్లలు ఉండి ఉంటే 1942లో ఆయన నడక మొదలెట్టిన రోజు వాళ్ళకి ఏమైందన్నది చిన్న విషయం కాదు, దాన్ని ఇంటి పరువు విషయంగా మాత్రమే చూడకండి. వాళ్ళ వారసులు ఎప్పుడైనా మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తే బంధువుల్లాగే మాట్లాడండి.

సైట్ల సంగతి చివర్లో చెప్తున్నాను ఎందుకంటే అది అంత ముఖ్యం కాదు. డబ్బులు కట్టే సైట్లలో ఉండేవి ఎక్కువగా యూరప్, అమెరికా రికార్డులు, మన పల్లెటూళ్ళవి దాదాపు ఉండవు. ట్రీ గీసుకోవాలంటే ఫ్యామిలీసెర్చ్ ఫ్రీగానే ఉంది, కానీ బతికున్నవాళ్ళ పుట్టిన తేదీలు, ఫోటోలు అందరికీ కనపడేలా పెట్టొద్దు. డీఎన్ఏ టెస్ట్ వల్ల డర్బన్‌లోనో మారిషస్‌లోనో దూరపు చుట్టాలు తగలొచ్చు, మీ ముత్తాత ఏ మిల్లులో పనిచేశాడో అది చెప్పదు. ఆ డబ్బులతో సోంపేటకి ట్రైన్ టికెట్ కొనుక్కోండి. సంక్రాంతికి వద్దు, ఇల్లంతా జనం ఉంటారు, నానమ్మకి మాట్లాడే వీలుండదు. మామూలు వారంలో నాలుగు రోజులు సెలవు పెట్టి వెళ్ళండి, ముందు రెండు రోజులు ఇంట్లోనే ఉండండి, మూడో రోజు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు. వెళ్ళే ముందు ఫోన్‌లో స్పేస్ ఖాళీ చేసుకోండి, రికార్డింగ్స్ అదే రోజు ఇంకో చోట కూడా కాపీ పెట్టండి.